ఓడ ఎక్కేటప్పుడు ఒక రేటు, దిగేటప్పుడు ఇంకో రేటు

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో 2025 డిసెంబరు 13, శనివారం సాయంత్రం తెలుగువాళ్లం కూడినప్పుడు, కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో పనిచేసే ఒక సోదరి చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఇంత చలిలో పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారు, సంతోషం.

నన్ను టారిఫ్‌ల గురించి, అంటే దిగుమతి సుంకాల గురించి మాట్లాడమన్నారు. నేను ఆర్థికశాస్త్రం చదువుకోలేదు. న్యూవార్క్ పోర్టు దగ్గర ఒక కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో 19 ఏళ్లుగా పని చేస్తున్నాను. మీరు కొట్లో కొనే కందిపప్పు, పెళ్లికి కొనే చీర, ఫ్రీజర్లో ఉండే రొయ్యల ప్యాకెట్, ఇవన్నీ ఓడ దిగాక గేటు దాటి బయటికి రావాలంటే కస్టమ్స్ వాళ్లకి ఒక ఎంట్రీ వెళ్లాలి. సరుకు ఏమిటి, ఏ దేశానిది, విలువెంత, డ్యూటీ ఎంత. ఆ ఎంట్రీలు కొట్టేవాళ్లలో నేనొకదాన్ని. కాబట్టి నేను చెప్పేది టీవీలో విన్నది కాదు. నా చేత్తో టైపు చేసింది చెబుతాను.

ముందు ఒక్క మాట. సుంకం ఎవరు కడతారు? ఇండియా కడుతుందా? చైనా కడుతుందా? 19 ఏళ్లలో ఏ దేశ ప్రభుత్వమూ డ్యూటీ కట్టినట్టు నేను చూడలేదు. కట్టేది ఇక్కడి ఇంపోర్టర్. ఎంట్రీ పడిన పది పనిదినాల్లో కట్టాలి. సరుకులో ఒక్క ముక్క అమ్మకముందే కట్టాలి. తర్వాత అతను ఆ డబ్బు ఎక్కడి నుంచి రాబట్టుకుంటాడు? కొంత తన లాభంలోంచి, కొంత అక్కడ పంపేవాడి ధర తగ్గించి, మిగిలింది మీ బిల్లులోంచి. అంతే. ఇందులో దాచడానికేమీ లేదు, మాకు ఇది రోజూ కళ్ల ముందు జరిగే పని.

అసలు విషయానికొస్తాను. పన్ను అంటే మనకి భయం లేదండి. పన్నులు కడుతూనే ఉన్నాం, ఇంకా కడతాం. 10 శాతం అని చెప్పి, అదే 10 శాతం మీద నిలబడితే వ్యాపారం చేసేవాడు ఏదో ఒకటి సర్దుకుంటాడు. ధర మార్చుకుంటాడు, వేరే దేశం వెతుక్కుంటాడు, ఆ సరుకు మానేస్తాడు. ఈ ఏడాది మా దగ్గరికి వచ్చి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు రేటు ఎక్కువైందని ఏడవలేదు. రేటు ఎంతో తెలియక ఏడ్చారు. ఆర్డర్ ఇచ్చిన రోజు ఒకటి. ఓడ ఎక్కిన రోజు ఒకటి. ఇక్కడ దిగిన రోజు ఇంకొకటి.

ఒక్కసారి ఆలోచించండి. విశాఖపట్నంలో కంటైనర్ ఓడ ఎక్కితే న్యూవార్క్ చేరడానికి ఎన్ని రోజులు? నెల పైనే. ఆఫ్రికా చుట్టూ తిరిగి వస్తే నెలన్నర. మరి రేటు మారడానికి? ఒక్క రాత్రి. ఒక్కోసారి సోషల్ మీడియాలో ఒక్క పోస్టు. సముద్రం మీద ఉన్న ఓడ వెనక్కి తిరగలేదు. చెరువులో ఉన్న రొయ్య ఎదగడం ఆపదు. ఈ తేడా, నెలన్నరకీ ఒక్క రాత్రికీ ఉన్న ఈ తేడా, ఇదే ఈ రోజు నేను చెప్పదలచుకున్నది.

మా తమ్ముడి సంగతి చెబుతాను. ఆకివీడు దగ్గర ఆరెకరాల్లో వెనామీ రొయ్య వేస్తాడు. ఈ హాల్లో భీమవరం, నర్సాపురం, కైకలూరు వైపు వాళ్లు ఎంతమంది ఉన్నారు? చూడండి, ఇన్ని చేతులు. అయితే మీకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. మన దేశం నుంచి 2024-25లో 62,408 కోట్ల రూపాయల సముద్ర ఉత్పత్తులు ఎగుమతయ్యాయి. అందులో అమెరికా కొన్నదే 271 కోట్ల డాలర్ల సరుకు. రొయ్యల్లో పెద్ద వాటా మన ఆంధ్రాదే. అమెరికా వాళ్లకి పెద్ద సైజు కావాలి. 30 కౌంట్, 40 కౌంట్. కౌంట్ అంటే, ఇక్కడ పుట్టిన పిల్లల కోసం చెబుతున్నా, కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క. కౌంట్ తగ్గినకొద్దీ రొయ్య పెద్దదన్నమాట.

జులై 30న ప్రెసిడెంట్ ట్రంప్ ఇండియా సరుకు మీద 25 శాతం సుంకం అన్నారు. ఆగస్టు 7 నుంచి అమల్లోకి వచ్చింది. దానికి ముందు రోజే, ఆగస్టు 6న, రష్యా నుంచి ఇండియా నూనె కొంటోందని ఇంకో 25 శాతం కలిపారు. అది 27 నుంచి అమలు. మొత్తం 50. రొయ్యల మీద ముందు నుంచీ ఉన్న యాంటీ డంపింగ్ లాంటి డ్యూటీలు, అంటే మరీ తక్కువ ధరకి అమ్ముతున్నారని వేసేవి, వీటికి అదనం. అదే ఈక్వడార్ రొయ్యకి 15 శాతం. ఈక్వడార్ ఇక్కడికి దగ్గర కూడా. ఇంక మనవాళ్ల రొయ్య ఏం నిలబడుతుంది?

తమ్ముడు ఆ వారంలో ఫోన్ చేశాడు. "అక్కా, నువ్వు ఆ కస్టమ్స్‌లోనే కదా పని చేసేది. ఇది ఉంటుందా, తీసేస్తారా? పట్టెయ్యమంటావా, ఉంచమంటావా?" అని అడిగాడు. నాకు తెలియదురా అన్నాను. నిజంగానే తెలియదు. ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన రేట్లు సాయంత్రానికి ఆగిపోవడం చూశాను కదా, ఇది కూడా ఆగుతుందేమోనని నాకూ ఒక ఆశ. ఉంచితే ఏమవుతుంది? రోజూ మేత వెయ్యాలి. నీళ్లకి గాలి అందించే ఏరియేటర్లు తిరుగుతూనే ఉండాలి, కరెంటు పోతే డీజిల్ పొయ్యాలి. వానలు పడితే నీళ్లు మారతాయి, వైట్ స్పాట్ జబ్బు వచ్చిందంటే మొత్తం పోతుంది. పది రోజులు ఉంచాడు. పదకొండో రోజు రాత్రి వానలోనే పట్టాడు. వీడియో కాల్‌లో చూశాను. గట్టు మీద లైట్లు కట్టారు, వలలు లాగుతున్నారు, ఐసు లారీ వచ్చి నిలబడింది. కొనేవాళ్ల మనిషి ఒక కిలో తూచి పీసులు లెక్కపెట్టాడు. 38. మంచి కౌంట్ అది. ఇంకో ఏడాదైతే పండగ చేసుకునే కౌంట్. ఆ మనిషి ఫోన్లో ఎవరితోనో మాట్లాడి, పొద్దున చెప్పిన రేటు ఇప్పుడు లేదన్నాడు. మా తమ్ముడు ఏమీ అనలేదు. ఏమంటాడు? నీళ్లలోంచి తీసిన రొయ్యని మళ్లీ నీళ్లలో వెయ్యలేడు కదా.

వాషింగ్టన్‌లో ఒక సంతకం, ఆకివీడులో ఒక గట్టు. మధ్యలో నేను. ఈ వైపు ఆ రొయ్యల మీదే నేను కోడ్ కొట్టాలి. 9903.01.84. రష్యా నూనె పేరు మీద ఇండియా సరుకు మీద వేసిన ఆ రెండో 25 శాతానికి ఇచ్చిన నంబర్ అది. మా తమ్ముడికి రష్యా నూనెతో ఏం సంబంధమో నేను ఆ రోజు నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను. వాడి దగ్గరున్నది ఒక డీజిల్ ఇంజను.

ఈ ఏడాది మొత్తం ఎలా గడిచిందో తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే మీలో చాలామందికి తేదీలు కలగాపులగం అయిపోయి ఉంటాయి. నాకే అయ్యాయి. ఫిబ్రవరి 1న కెనడా, మెక్సికోల మీద 25 శాతం, చైనా మీద 10 అన్నారు. 3న కెనడా, మెక్సికోలవి నెల రోజులు ఆపారు. 4న చైనాది అమలైంది. అదే రోజు పోస్టాఫీసు చైనా, హాంకాంగ్ పార్సిళ్లు తీసుకోవడం ఆపేసింది. మర్నాడు మళ్లీ తీసుకుంటామంది. మార్చి 4న కెనడా, మెక్సికోలవి అమలయ్యాయి. 5న కార్ల కంపెనీలకి మినహాయింపు ఇచ్చారు. 6న ఆ మూడు దేశాల వాణిజ్య ఒప్పందం కిందికొచ్చే సరుకు మొత్తానికీ ఇచ్చారు. రెండ్రోజుల్లో ఇదంతా. ఉక్కు మీద 25 శాతం, జూన్‌లో అది 50. చైనా మీద ఏప్రిల్‌లో 145 దాకా వెళ్లి, మేలో 30కి దిగింది.

ఏప్రిల్ 9 మాత్రం కాస్త ఆగి చెప్పాలి. ఏప్రిల్ 2న వైట్‌హౌస్ రోజ్ గార్డెన్‌లో ప్రెసిడెంట్ ట్రంప్ ఒక పెద్ద అట్ట పట్టుకుని దేశాల పేర్లు, రేట్లు చదివారు. ఇండియాకి 26, వియత్నాంకి 46, లెసోతోకి 50. లెసోతో ఎక్కడుందో మా ఆఫీసులో సగం మందికి తెలియదు. దక్షిణాఫ్రికా మధ్యలో ఉన్న చిన్న పేద దేశం, జీన్స్ ప్యాంట్లు కుట్టి పంపుతుంది. ఆ 50 ఎలా వచ్చింది? అమెరికాకి ఆ దేశంతో ఉన్న వాణిజ్య లోటుని, అంటే అమ్మినదానికన్నా ఎక్కువ కొన్న తేడాని, ఆ దేశం నుంచి కొన్న సరుకు విలువతో భాగించి, సగం చేశారు. అంతే లెక్క. వాళ్లు అమెరికా సరుకు మీద నిజంగా ఎంత సుంకం వేస్తున్నారో చూడలేదు. అమెరికా విమానాలు, కార్లు కొనడానికి వాళ్ల దగ్గర డబ్బు లేదు. డబ్బు లేకపోవడం వాళ్ల తప్పయింది.

ఆ రేట్లు ఏప్రిల్ 9 అర్ధరాత్రి నుంచి అమలు. మేం ఆ రాత్రి ఆఫీసులోనే ఉన్నాం. సాఫ్ట్‌వేర్‌లో కొత్త కోడ్లు ఎక్కించాలి, ఏ దేశానికి ఏ రేటో పట్టిక గోడకి అంటించుకున్నాం. పొద్దున్నే ఆ రేట్లతో ఎంట్రీలు పంపించాం. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఒక పోస్టు. చైనాకి తప్ప మిగతా అందరికీ 10 శాతం మాత్రం ఉంచి, మిగిలింది 90 రోజులు ఆపేశాం అని. అదే సమయానికి వాణిజ్య ప్రతినిధి జేమీసన్ గ్రీర్ ప్రతినిధుల సభ కమిటీ ముందు కూర్చుని ఆ టారిఫ్‌లు ఎందుకు అవసరమో చెబుతున్నారు. ఆయన చెబుతుండగానే అవి ఆగిపోయాయి. 13 గంటలు, అంతే. ఎందుకు ఆపారని విలేకరులు అడిగితే, జనం కొంచెం భయపడ్డారని ప్రెసిడెంట్ చెప్పారు. మినహాయింపులు ఎవరికివ్వాలో ఎలా నిర్ణయిస్తారని అడిగితే, మనసుకి తోచినదాన్ని బట్టి అన్నట్టు చెప్పారు. నేను గోడ మీద పట్టిక చించి పారేశాను. నా పక్క సీటావిడ, 30 ఏళ్ల సర్వీసు, "రేపు మళ్లీ కావాలేమో, దాచిపెట్టు" అంది.

ప్రెసిడెంట్‌కి ఏం తోచిందో దాన్ని బట్టి పన్ను ఉండొచ్చా? ఇదీ నా ప్రశ్న. బ్రెజిల్ చూడండి. జులైలో 50 శాతం అంటూ ఒక ఉత్తరం రాశారు. అందులో మొదటి కారణం ఏమిటి? ఆ దేశపు మాజీ అధ్యక్షుడు బోల్సొనారో మీద కేసు నడుస్తోందని. బ్రెజిల్‌తో అమెరికాకి లోటు లేదు, మిగులే ఉంది. మరి వాళ్ల మీద ఎందుకు? కాఫీ ధర మీ అందరికీ తెలుసు. పోయిన ఏడాదితో పోలిస్తే ఆగస్టుకి 20 శాతం పెరిగింది. కెనడా చూడండి. అక్టోబరులో అక్కడి ఆంటారియో రాష్ట్ర ప్రభుత్వం వాళ్లు టీవీలో ఒక ప్రకటన వేశారు. 1987లో అప్పటి ప్రెసిడెంట్ రీగన్ టారిఫ్‌లకి వ్యతిరేకంగా మాట్లాడిన రేడియో ప్రసంగం అందులో వినిపించారు. ఆ ప్రకటన చూసి కెనడాతో చర్చలు ఆపేశామన్నారు. రెండ్రోజులకి ఇంకో 10 శాతం వేస్తామన్నారు. ఒక టీవీ ప్రకటనకి ఒక దేశం మొత్తం సరుకు మీద పన్నా?

నవంబరులో కాఫీ, టీ, అరటిపండ్లు, మసాలా దినుసులు, గొడ్డుమాంసం, టమాటాలు, వీటి మీద తీసేశారు. మంచిదే. ఇక్కడ పండని అరటిపండు మీద పన్ను వేసి ఎవరి ఫ్యాక్టరీని కాపాడతారు? కానీ ఆ లిస్టు వచ్చిన రోజు మా తమ్ముడు అడిగిన మొదటి మాట, "రొయ్య ఉందా అక్కా?" లేదురా. రొయ్య లేదు.

మా కస్టమర్ ఒకావిడ గురించి చెబుతాను, పేరు చెప్పను. పెళ్లి బట్టల కొట్టు. జూన్‌లో దసరా, దీపావళికని 40 వేల డాలర్ల సరుకు ఆర్డర్ ఇచ్చింది. ఆ రోజు అదనపు రేటు 10 శాతం, అంటే 4 వేలు. బట్టల మీద మామూలు డ్యూటీ ఎటూ ఉంటుంది, దాన్ని పక్కన పెట్టండి. ఆగస్టు 7 తర్వాత ఓడ ఎక్కిన సరుకుకి 25 అయింది. అంటే 10 వేలు. సరేలే, ఈ సీజన్‌కి లాభం లేకపోయినా ఫరవాలేదు, కొట్టు తెరిచి ఉంచుదాం అనుకుంది. 27 నుంచి 50 అన్నారు. ఆ రూల్ ఏమిటంటే, 27 కన్నా ముందే ఓడ ఎక్కి, సెప్టెంబరు 17 లోపు ఇక్కడ ఎంట్రీ పడితే రెండో 25 ఉండదు. ఆవిడ సరుకు ఆగస్టు 7 దాటిన వెంటనే ఎక్కింది, సెప్టెంబరు 15న ఇక్కడ దిగాలి. ఓడ ఆలస్యమై 18న దిగింది. మూడు రోజులు. ఆ మూడు రోజులకి ఇంకో 10 వేల డాలర్లు. మొత్తం 20 వేలు.

ఆవిడ నా బల్ల ముందు కూర్చుని ఎంట్రీ కాగితంలో ఆ తేదీని వేలితో చూపించి, "ఇది 16 అవ్వడానికి ఏమీ చెయ్యలేమా?" అని అడిగింది. లేదమ్మా, చెయ్యకూడదు అన్నాను. నిజాయితీపరురాలు, అడిగిన మరుక్షణం తనే సిగ్గుపడింది. ఇలాంటి మనిషి చేత అలాంటి మాట అడిగించిన పరిస్థితి మీద నాకు కోపం వచ్చింది. ఆవిడ ఇంటి మీద లోన్ తీసుకుని డ్యూటీ కట్టింది. ఆ మీదట కస్టమ్స్ బాండ్ చాలదని ఇంకో ఉత్తరం. బాండ్ అంటే డ్యూటీ కడతామని మనం పెట్టే హామీ. ఏడాదికి కట్టే డ్యూటీ పెరిగితే బాండ్ కూడా పెంచాలి. పెద్ద కంపెనీలకి లాయర్లుంటారు, గోడౌన్లుంటాయి, రేటు పెరగకముందే ఆరు నెలల సరుకు తెచ్చి పెట్టుకుంటారు. ఈవిడకి ఒక కొట్టు, ఒక అమ్మాయి. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అదీ ఆవిడ పరిస్థితి.

సరే, కొట్లు, కంటైనర్లు మనకెందుకు, మేం ఉద్యోగాలు చేసుకునేవాళ్లం అనుకుంటున్నారా? ఆగస్టు, సెప్టెంబరుల్లో ఇంటి నుంచి రావాల్సిన పార్సిల్ ఆగిపోయినవాళ్లు చేతులెత్తండి. చూశారా. ఆగస్టు 29తో 800 డాలర్ల లోపు పార్సిళ్లకి ఉన్న మినహాయింపు తీసేశారు. తీసేయడంలో తప్పుందో లేదో అది వేరే చర్చ. కానీ డ్యూటీ ఎవరు వసూలు చెయ్యాలి, ఎలా కట్టాలి అన్నది తేలకుండానే తేదీ వచ్చేసింది. విమానాల వాళ్లు మేం ఎక్కించుకోం అన్నారు. ఆగస్టు 25 నుంచి మన తపాలా శాఖ బుకింగ్ ఆపేసింది. అక్టోబరు 15కి గానీ మళ్లీ మొదలవలేదు. వంద డాలర్ల లోపు బహుమతులకి మినహాయింపు ఉందని చట్టంలో ఉంది, కానీ పోస్టాఫీసు కౌంటర్లో అది పని చెయ్యలేదు. మా అమ్మ రాజమండ్రిలో ఆత్రేయపురం పూతరేకులు డబ్బాలో పెట్టించి, పైన గుడ్డ కుట్టించి, పోస్టాఫీసు దాకా ఆటోలో తీసుకెళ్లి, మళ్లీ ఆటోలో ఇంటికి తెచ్చుకుంది. 78 ఏళ్లు ఆవిడకి.

ఇక పరిపాలన సంగతి. టారిఫ్ ఒక్కటే ఇలా ఉందా అంటే, లేదు. జనవరిలో ప్రభుత్వ ఉద్యోగులందరికీ ఒక ఈమెయిల్, వెళ్లిపోతారా అని. ఫిబ్రవరిలో ఇంకోటి, పోయిన వారం ఏం చేశారో ఐదు ముక్కల్లో రాయండని. అణ్వాయుధాల భద్రత చూసే సంస్థలో కొన్ని వందల మందిని తీసేసి, ఒకట్రెండు రోజుల్లో వాళ్లలో ఎక్కువమందిని వెనక్కి పిలిచారు. కొత్త ఈమెయిల్ అడ్రసులు తెలియక పిలవడం కూడా కష్టమైంది. బర్డ్ ఫ్లూ పని చేసేవాళ్ల విషయంలోనూ అంతే. ఆగస్టు 1న ఉద్యోగాల లెక్క బాగా రాలేదని, ఆ లెక్క చెప్పిన కార్మిక గణాంకాల సంస్థ కమిషనర్ ఎరికా మెక్‌ఎంటార్ఫర్‌ని అదే రోజు తీసేశారు. ఆ లెక్కలు ఎవరికి కావాలి? మీ కంపెనీకి కావాలి, బ్యాంకుకి కావాలి, వడ్డీ రేటు పెట్టేవాళ్లకి కావాలి. జ్వరం ఎక్కువ చూపించిందని థర్మామీటర్ పగలగొడితే ఎలా?

అక్టోబరు 1 నుంచి 43 రోజులు ప్రభుత్వం మూతపడింది. అందులో రెండు పార్టీల వాటా ఉంది, నేను ఒక్కరినే అనను. కానీ జీతం లేకుండా విమానాలు దింపిన కంట్రోలర్లని తలుచుకోండి. తిండి కొనుక్కోవడానికి పేదవాళ్లకిచ్చే, 4 కోట్ల మందికి పైగా ఆధారపడే ఫుడ్ స్టాంపుల డబ్బు నవంబరు మొదట్లో ఆగింది. మా వీధి చివర ఫుడ్ ప్యాంట్రీలో క్యూ నేను కారులోంచి చూశాను. యూనిఫాం వేసుకున్న మనుషులు కూడా ఉన్నారు ఆ క్యూలో.

సెప్టెంబరు 19, శుక్రవారం. ఇది మీ అందరికీ గుర్తుంటుంది. హెచ్-1బీ ఉద్యోగ వీసా. కొత్త దరఖాస్తుకి లక్ష డాలర్లు. ఆదివారం, 21వ తేదీ అర్ధరాత్రి దాటిన నిమిషం నుంచి అమలు. ఆ వీసాల్లో 70 శాతానికి పైగా మన దేశం వాళ్లవే, అందులో మన తెలుగు పిల్లలు ఎంతమందో మీకు తెలుసు. వాణిజ్య మంత్రి లట్నిక్ అది ఏడాదికోసారి కట్టాలి అన్నట్టు మాట్లాడారు. ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకా, కొత్తవాళ్లకా? ఎవరూ స్పష్టంగా చెప్పలేదు. కంపెనీల లాయర్లు భయపడి, దేశం బయట ఉన్నవాళ్లు వెంటనే వచ్చేయండని మెయిల్స్ పెట్టారు.

మా కాంప్లెక్స్‌లో ఉండే ఒక అబ్బాయి ఆ వారం ఖమ్మంలో ఉన్నాడు. తండ్రి పోయి మూడేళ్లు. ఆదివారం మహాలయ అమావాస్య, తండ్రికి పెట్టుకుందామని సెలవు పెట్టి వెళ్లాడు. శనివారం తెల్లవారుజామున మెయిల్ చూశాడు. బ్రాహ్మణుడికి చెప్పేసి, కారు మాట్లాడుకుని శంషాబాద్ వెళ్లి, దొరికిన టికెట్టు దొరికిన రేటుకి కొని విమానం ఎక్కాడు. అతను అట్లాంటిక్ మీద ఉండగా వైట్‌హౌస్ వివరణ వచ్చింది. ఇది ఒక్కసారి కట్టేదే, కొత్త దరఖాస్తులకే, ఇప్పుడు వీసా ఉన్నవాళ్లు రావచ్చు, పోవచ్చు అని. శనివారం రాత్రి న్యూయార్క్‌లో దిగి ఫోన్ ఆన్ చేస్తే ఆ మెసేజ్. అక్కడ మర్నాడు వాళ్లమ్మ ఒక్కతే పంతులుగారికి స్వయంపాకం ఇచ్చి పంపింది. ఆ వివరణ శుక్రవారం ఆ కాగితంలోనే రాసి ఉంటే ఏం పోయేది? ఒక్క వాక్యం. ఒక్క వాక్యం రాసి ఉంటే ఆ పిల్లాడు తండ్రికి పిండం పెట్టుకుని వచ్చేవాడు.

అందుకే చెబుతున్నా, పన్ను వెయ్యడం, చట్టం మార్చడం నెమ్మదిగా జరగాలని ఈ దేశం పెద్దలు ఊరికే రాసుకోలేదు. రాజ్యాంగం మొదటి ఆర్టికల్, ఎనిమిదో సెక్షన్. పన్నులు, సుంకాలు వేసే అధికారం కాంగ్రెస్‌ది. ఎందుకు కాంగ్రెస్‌ది? అక్కడ వందల మంది ఉంటారు. వాదించుకుంటారు. విసుగొచ్చేంత ఆలస్యం చేస్తారు. ఆ ఆలస్యంలోనే మన ఓడ ఇల్లు చేరుతుంది. 1930లో స్మూట్-హాలీ సుంకాల చట్టం వచ్చింది. వెయ్యిమందికి పైగా ఆర్థికవేత్తలు వద్దని సంతకాలు పెట్టినా అప్పటి ప్రెసిడెంట్ హూవర్ దాని మీద సంతకం చేశారు. కెనడా ఎదురు సుంకాలు వేసింది, ప్రపంచ వ్యాపారం కుదేలైంది. తప్పుడు చట్టమే అది. కానీ ఏడాది పైగా సభల్లో నలిగి, అచ్చయి వచ్చింది. ఏది ఎంతో జనానికి తెలుసు.

ఇప్పుడు వాడింది 1977 నాటి అత్యవసర ఆర్థిక అధికారాల చట్టం. అందులో సుంకం అన్న మాటే లేదు. ఈయనకి ముందు ఏ ప్రెసిడెంటూ దాంతో సుంకాలు వెయ్యలేదు. న్యూయార్క్‌లో వైన్ దిగుమతి చేసుకునే ఒక చిన్న వ్యాపారి, ఇంకొంతమంది కలిసి కోర్టుకి వెళ్లారు. మే 28న అంతర్జాతీయ వాణిజ్య కోర్టు ఇది చెల్లదంది. ఆగస్టు 29న అప్పీలు కోర్టు 7-4 తో అదే మాట అంది. నవంబరు 5న సుప్రీంకోర్టులో వాదనలయ్యాయి. ఈ రోజుకి, అంటే 2025 డిసెంబరు 13కి, తీర్పు రాలేదు. ఇంత దేశంలో ఒక చిన్న వ్యాపారి ముందుకొచ్చి ప్రశ్న అడిగాడు చూడండి, అది నాకు చాలా ధైర్యాన్నిచ్చింది.

అవతలి వాదన కూడా చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. ఒహాయో, పెన్సిల్వేనియా ఊళ్లలో ఫ్యాక్టరీలు మూతపడి రెండు తరాలు నష్టపోయాయి. వాళ్ల బాధ నిజం. చైనా మీద వేసిన సుంకాల్ని బైడెన్ కూడా తియ్యలేదు, కొన్ని పెంచారు. ఇండియా కూడా తన సుంకాలు తక్కువేమీ పెట్టుకోలేదు. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఫ్యాక్టరీ కట్టాలంటే మూడేళ్లు, ఐదేళ్లు పడుతుంది. మూడు వారాల్లో రేటు మారిపోయేచోట ఐదేళ్ల ఫ్యాక్టరీ ఎవడు కడతాడు? మిషన్లు దిగుమతి, స్టీలు దిగుమతి, వాటి మీదా సుంకమే. ఈ ఏడాది తయారీ రంగంలో ఉద్యోగాలు పెరగలేదు, తగ్గాయి. సోయాబీన్ రైతులు ప్రెసిడెంట్‌కి ఓట్లేసినవాళ్లే. చైనా నెలల తరబడి వాళ్ల పంట కొనలేదు. ఈ వారంలోనే రైతులకి 1,200 కోట్ల డాలర్ల సాయం ప్రకటించారు. ఒక చేత్తో మార్కెట్టు తీసుకుని, ఇంకో చేత్తో చెక్కు ఇవ్వడం. రైతుకి చెక్కు కాదు కావాల్సింది, కొనేవాడు కావాలి. ఆకివీడులోనైనా, అయోవాలోనైనా అంతే.

జనానికి ఇది అర్థమవుతోంది. అక్టోబరు 18న రెండోసారి, ప్రెసిడెంట్ తీరుకి వ్యతిరేకంగా, 'నో కింగ్స్' ఊరేగింపులు జరిగాయి, దేశమంతా లక్షల మంది. మనవాళ్లు కూడా కొంతమంది వెళ్లారు, నాకు తెలుసు. నవంబరు 4న మన న్యూజెర్సీలో మికీ షెరిల్, వర్జీనియాలో స్పాన్‌బర్గర్ గవర్నర్లుగా గెలిచారు. ఇద్దరూ ప్రెసిడెంట్‌కి ఎదురు పార్టీ, డెమొక్రాట్లు. ఇద్దరూ ధరల గురించే మాట్లాడారు. నవంబరు గాలప్ సర్వేలో ప్రెసిడెంట్ పనితీరు బాగుందన్నవాళ్లు 36 శాతం. ఇది ఒక పార్టీ కోపం అని నేను అనుకోను. మా ఆఫీసు ట్రక్కు డ్రైవర్ ఆయనకే ఓటేశాడు. "గట్టిగా ఉంటాడనుకున్నాను, పూటకో మాట మారుస్తాడనుకోలేదు" అన్నాడు మొన్న.

మీలో ఓటున్నవాళ్లు చాలామంది ఉన్నారు. మీ ప్రతినిధుల ఆఫీసుకి ఫోన్ చెయ్యండి. నేను చేశాను. ఫోన్ ఎత్తిన పిల్లకి కంటైనర్ నంబర్, ఓడ ఎక్కిన తేదీ, కట్టిన డ్యూటీ చదివి వినిపించాను. రాసుకుంది. రెండోసారి ఫోన్ చేస్తే గుర్తుపట్టింది.

ఆఖరుగా, ఇది కొట్లు నడిపేవాళ్ల కోసం. ఎల్లుండి సోమవారం, డిసెంబరు 15. ఫిబ్రవరి 4న వచ్చిన చైనా సరుకుకి 314 రోజులు నిండేది ఆ రోజే. మామూలుగా 314 రోజులకి కస్టమ్స్ ఆ ఎంట్రీ లెక్క మూసేస్తుంది, లిక్విడేషన్ అంటాం. సుప్రీంకోర్టు చెల్లదు అంటే డబ్బు వెనక్కొస్తుందా, మూసేసిన లెక్కల్లోంచి వస్తుందా, ఎవరూ గట్టిగా చెప్పలేకపోతున్నారు. కాస్ట్‌కో లాంటి పెద్ద కంపెనీ కూడా అందుకే పోయిన నెలాఖరున కోర్టుకి వెళ్లింది. లెక్క మూసేశాక అభ్యంతరం చెప్పడానికి 180 రోజులుంటాయి. ఆ గడువు వదులుకోవద్దు. మీ లాయర్‌ని అడగండి, లాయర్ లేకపోతే మీ బ్రోకర్‌ని అడగండి. మా ఆఫీసులో తెల్లబోర్డు మీద ఒక్కో ఎంట్రీ, ఒక్కో తేదీ రాసుకున్నాం. ఇందాక చెప్పిన బట్టల కొట్టావిడ ఎంట్రీ కూడా ఆ బోర్డు మీద ఉంది, వచ్చే వేసవి తేదీతో.

ఎంట్రీ నంబర్లు తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఆ టీ బల్ల దగ్గరికి రండి. నేను లాప్‌టాప్ తెచ్చుకున్నాను, కూర్చుని తేదీలు చూసి చెబుతాను. ఇవాళ కుదరనివాళ్లు సోమవారం ఫోన్ చెయ్యండి. పొద్దున ఏడింటికల్లా సీట్లో ఉంటాను.